చుక్క, అతుకు, బొంత: రామచంద్రపుర ప్రాంత వస్త్రచరిత్ర వెలుగులో నక్షత్ర బొంతల పరిశీలన

వ్యాససంగ్రహం:
పాశ్చాత్య దేశాలలో ముక్కలు అతికి కుట్టిన నక్షత్ర బొంతలకు విస్తారమైన అధ్యయన సంప్రదాయం ఉంది. ఆ బొంతలకు బట్టను అందించిన తీరాలలో గోదావరి డెల్టా ఒకటి. ఇక్కడి బొంత మాత్రం సామెతలోనే మిగిలింది గాని పరిశోధనలోకి రాలేదు. పాత నక్షత్ర బొంతలను గుర్తించే ప్రమాణాలను వివరించి, వాటిని రామచంద్రపురం, ద్రాక్షారామం పరిసరాల వస్త్రవాణిజ్య చరిత్రతోనూ, చుక్కల ముగ్గుతోనూ, నరసాపురం అల్లికలోని అతుకుపనితోనూ పోల్చి, తెలుగునాట బొంత మరొక రూపం తీసుకోవడానికి గల కారణాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: బొంత, కంథ, అతుకుపని, చుక్కల ముగ్గు, ద్రాక్షారామం, నరసాపురం అల్లిక, వస్త్రచరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘అతుకుల బొంత’ అనేది నింద. సంకీర్ణ ప్రభుత్వాన్ని ఎత్తిపొడవాలన్నా, పలు గ్రంథాల నుంచి పేరాలు తెచ్చి కూర్చిన సిద్ధాంతగ్రంథాన్ని తప్పుపట్టాలన్నా ఈ మాటే వాడుతారు. పొంతన లేనివి బలవంతంగా ఒకచోట చేరాయన్నది దీని భావం. బొంత కుట్టిన చేతికి ఈ అర్థం తెలియదు. చిరిగినదాన్ని పారేయకుండా, మెత్తబడిన బట్టను మెత్తని పక్కగా మార్చే పని అది. అందులో లెక్క ఉంది, వరుస ఉంది, ఏ ముక్క ఎక్కడ పడాలన్న ఎంపిక ఉంది.

బొంతకు సంస్కృతంలో కంథ అని పేరు. భర్తృహరి వైరాగ్యశతకంలో కౌపీనంతో పాటు చినిగిన కంథ విరాగి ఆస్తిగా కనిపిస్తుంది. ఆ సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి పెద్దాపుర సంస్థానంలోని పెద్దాడకు చెందినవాడు, అంటే ఈ గోదావరి సీమవాడే. అయితే కావ్యంలోని కంథ సన్న్యాసి భుజం మీదిది, ఇంట్లోని బొంత బాలింత పక్కలోది. ఒకటి వైరాగ్యానికి గుర్తు, రెండవది సంసారానికి. సాహిత్యం మొదటిదాన్ని తలచినంతగా రెండవదాన్ని తలచలేదు.

1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువులో బొంతకు చోటు దక్కింది. నిఘంటువులో చేరిన వస్తువు మ్యూజియంలోనూ చేరుతుందన్న హామీ లేదు. బెంగాలులో కాంథాకు గురుసదయ్ దత్ సేకరణ, 1939లో స్టెల్లా క్రామ్రిష్ రాసిన వ్యాసం దక్కాయి. బీహారు సుజనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కర్ణాటకలో సిద్దీల కవంది పరిశోధకుల దృష్టికి వచ్చింది. తెలుగు బొంత దగ్గరకు వచ్చేసరికి సామెత దగ్గరే ఆగిపోయాం.

2. నక్షత్ర బొంతను గుర్తించడం ఎలా?

పాశ్చాత్య బొంతలలో అత్యధికంగా కనిపించే ఆకృతి నక్షత్రం. దాన్ని పేరుతో గుర్తించబోతే మొదటి అడుగులోనే పొరపాటు జరుగుతుంది. పేర్లలో చాలా భాగం 19వ శతాబ్ది చివరా, 20వ శతాబ్ది మొదటి సగంలోనూ పత్రికలు, నమూనాలు అమ్మే సంస్థలు స్థిరపరచినవి. సెయింట్ లూయిస్‌లోని లేడీస్ ఆర్ట్ కంపెనీ జాబితాలు, 1928లో మొదలైన కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక శీర్షిక, 1929లో వచ్చిన రూత్ ఫిన్లీ గ్రంథం ఒక్కో ఆకృతికి ఒక్కో పేరును ప్రచారం చేశాయి. ఒకే కూర్పు ఒక ఊళ్లో ‘లోన్ స్టార్’, మరో ఊళ్లో ‘బేత్లెహేము నక్షత్రం’. న్యూ ఆర్లియన్స్ స్థాపకులైన లెమోయిన్ సోదరుల పేరుతో ప్రసిద్ధమైన ‘లెమోయిన్ స్టార్’ న్యూ ఇంగ్లండు పలుకుబడిలో ‘లెమన్ స్టార్’ అయింది. నిమ్మకాయకూ నక్షత్రానికీ సంబంధమేమిటని తరువాతివారు తలలు పట్టుకోవలసి వచ్చింది. వ్రాతప్రతుల పాఠాంతరాలతో కుస్తీ పట్టినవారికి ఈ అవస్థ కొత్త కాదు. అందుకే బార్బరా బ్రాక్‌మన్ రూపొందించిన విజ్ఞానసర్వస్వం పేర్లను పక్కన పెట్టి, కూర్పు నిర్మాణాన్ని బట్టి ఆకృతులకు సంఖ్యలు కేటాయించింది.

నిర్మాణం తెలియాలంటే నక్షత్రం నడిబొడ్డును చూడాలి. అక్కడ చతురస్రం ఉందా, లేక మొనలన్నీ ఒక బిందువు దగ్గర కలుస్తున్నాయా అన్నది మొదటి ప్రశ్న.

నడుమ చతురస్రం ఉంటే అది గళ్ల మీద కట్టిన నక్షత్రం. ‘ఒహాయో స్టార్’ అనేది నిలువు మూడు, అడ్డం మూడు, మొత్తం 9 గళ్ల కూర్పు. నాలుగు మూలలూ నడిమి గడీ వెరసి 5 చతురస్రాలు. మిగిలిన నాలుగు గళ్లలో ఒక్కొక్కటి రెండు కర్ణాల వెంట నాలుగు త్రిభుజాలవుతుంది. అలా 16 త్రిభుజాలతో కలిపి మొత్తం 21 ముక్కలు. ఆ 16లో 8 నక్షత్రపు మొనలు, 8 నేపథ్యం. ‘సాటూత్ స్టార్’ అయితే 16 గళ్ల కూర్పు: నడుమ నాలుగు గళ్లంత పెద్ద చతురస్రం, మూలల్లో నాలుగు చిన్న చతురస్రాలు, ఒక్కో పక్క ఒక పెద్ద త్రిభుజమూ దానికి రెండు వైపులా చిన్న త్రిభుజాలూ, వెరసి 17 ముక్కలు. దూరం నుంచి రెండూ ఎనిమిది మొనల నక్షత్రాలే. ముక్కలు లెక్కపెట్టినప్పుడు గాని వేరని తెలియదు.

మొనలు ఒక బిందువు దగ్గర కలిస్తే అది వజ్రాకారపు ముక్కలతో కట్టినది. లెమోయిన్ నక్షత్రంలో 8 వజ్రాలు, ఒక్కోదాని మొన 45 డిగ్రీలు. ఎనిమిదీ కలిస్తే 360. ప్రతి ముక్కలో ఒక్క డిగ్రీ ఎక్కువైనా మొత్తం మీద 8 డిగ్రీల అదనం చేరి నక్షత్రం చదునుగా పరచుకోదు, తక్కువైనా అంతే. కుట్టు క్రమం కూడా అంతే కచ్చితం. రెండేసి వజ్రాలను జతచేసి, రెండు జతలను సగంగా, రెండు సగాలను పూర్తి నక్షత్రంగా కలపాలి. తరువాత మొనల మధ్య మిగిలిన ఖాళీలలో నాలుగు చతురస్రాలనూ నాలుగు త్రిభుజాలనూ ఇరికించి కుట్టాలి. ఇక్కడ మూడు అంచులు ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి కనుక కుట్టును బట్ట చివరిదాకా తీసుకుపోకుండా అంచుకు పావు అంగుళం ముందే ఆపాలి. పాత బొంతను తిరగేసి ఈ మూడంచుల కలయిక చూస్తే కుట్టినవారి అనుభవం బయటపడుతుంది.

ఆకృతి కాలాన్ని చెప్పదు. కాలాన్ని చెప్పేవి బట్ట, రంగు, దారం. ఎరుపు మొక్కల వేళ్ల నుంచి వచ్చిందా, 1869లో కృత్రిమంగా తయారైన అలిజరిన్ నుంచి వచ్చిందా? నీలం నీలిమందు చెట్టుదా, 1897 తరువాత మార్కెట్లోకి వచ్చిన కర్మాగారపు నీలమా? గోధుమ, నలుపు రంగులున్న చోట మాత్రమే బట్ట శిథిలమైతే ఆ రంగుకు ఇనుము వాడారని అర్థం. మన కలంకారీలోనూ నలుపు కసీం తుప్పు ఇనుముతో, బెల్లంతో తయారయ్యేదే. పాత అద్దకాలలో నల్లగీత వెంట బట్ట చిల్లులు పడటం అందుకే. ఒక జాగ్రత్త తప్పదు. బొంతలోని అతి పాత ముక్క కాదు, అతి కొత్త ముక్కే దాని తేదీని నిర్ణయిస్తుంది. అమ్మమ్మ చీర ముక్కను మనుమరాలు ఎప్పుడైనా కుట్టుకోవచ్చు. మనుమరాలి నాటి బట్టను అమ్మమ్మ కుట్టలేదు కదా.

3. డెల్టా బట్ట, దూరదేశపు బొంత

ఇంగ్లండులోని కంబ్రియా ప్రాంతంలో లెవెన్స్ హాల్ అనే భవనం ఉంది. అక్కడి ముక్కల బొంత, పడక తెరలు 1708 నాటివని ప్రతీతి. అవి భారతదేశపు అద్దకపు బట్టల ముక్కలతో కూర్చినవి. చింట్జ్ అని ఐరోపా పిలుచుకున్న ఆ బట్ట కోరమండల్ తీరం నుంచి ఎక్కువగా వెళ్లేది. మచిలీపట్నం, నిజాంపట్నం పరిసరాలలో చిరివేరుతో వేసిన ఎరుపుకు సాటి లేదని పేరు. ‘పలంపోర్’ అనే పడక దుప్పటి పేరు కూడా పలంగ్‌పోష్ అన్న మాట నుంచి పుట్టినదే.

ఆ బట్టలను ముక్కలుగా కోసి ఎందుకు కుట్టారు? ఖరీదు ఒక కారణం, చట్టం మరొక కారణం. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని కొనసాగించింది. ఇంగ్లండు 1700, 1720లలో చేసిన చట్టాలతో దిగుమతినీ వాడకాన్నీ కట్టడి చేసింది. కొత్త బట్ట దొరకనప్పుడు ఉన్న గౌను, తెర, చిరుగు అంచు ఏదీ పారవేయదగినది కాదు. పూవును పూవుగా, పిట్టను పిట్టగా కత్తిరించి తెల్లబట్ట మీద అతికే పద్ధతి 18వ శతాబ్ది చివరికి బాగా వ్యాపించింది. మన అద్దకగాడు కలంతో గీసిన పువ్వు ఒకటి అక్కడ ఇరవై పువ్వుల మధ్య కొత్త కొమ్మకు పూసింది.

రామచంద్రపుర ప్రాంతం ఈ కథలోకి తెల్లబట్ట ద్వారా వస్తుంది. నేటి రామచంద్రపురం మండలంలోని ద్రాక్షారామం భీమేశ్వరాలయం వల్ల, శాసనాల వల్ల తెలుగు పరిశోధకులకు సుపరిచితం. 17వ శతాబ్దిలో అదే ఊరు డచ్చి ఈస్టిండియా కంపెనీ బట్టల కొనుగోలు కేంద్రం. డచ్చి పత్రాలలో దాని పేరు ‘దాత్జెరోమ్’గా మారింది. 1693లో వెలువడిన డేనియల్ హావర్ట్ గ్రంథం కోరమండల్ కొఠీలతో పాటు దీన్నీ ప్రస్తావించింది. పాలకొల్లులో డచ్చివారు, యానాములో ఫ్రెంచివారు, ఇంజరంలోనూ నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలోనూ ఇంగ్లీషువారు ఇదే పని మీద కూర్చున్నారు. మాధవాయపాలెం నోరు తిరగక ‘మదపొల్లం’ అయి, చివరికి ఒక రకం నూలుబట్టకే పేరుగా స్థిరపడింది. డెల్టా పల్లెటూరి పేరు ఐరోపా బట్టల దుకాణాలలో వినబడిందన్నమాట.

శాసనాల కోసం ద్రాక్షారామం వెళ్లినవారు మగ్గాల లెక్క అడగలేదు. వాణిజ్య చరిత్రకారులు ‘దాత్జెరోమ్’ సరుకు లెక్క రాశారు గాని అది భీమకవుల, శ్రీనాథుల దక్షారామమేనన్న సంగతి వారికి అంతగా పట్టలేదు. రెండు శాఖల మధ్య ఈ అతుకు ఇంకా పడవలసే ఉంది.

1830 ప్రాంతానికి ఇంగ్లీషు కంపెనీ ఈ సీమలో బట్టల వ్యాపారం చాలించుకుంది. లంకాషైరు మిల్లుబట్ట ఎదురుదారిలో వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పేరు వరితో ముడిపడింది. మగ్గం పూర్తిగా మూగబోలేదు. అమలాపురం చెంత బండారులంక, మండపేట వైపు అంగర నేతకు నేటికీ పేరున్న ఊళ్లే.

4. చుక్క అంటే బిందువు, చుక్క అంటే నక్షత్రం

ఇంగ్లీషులో నక్షత్రానికీ బిందువుకూ వేర్వేరు మాటలు. తెలుగులో రెండూ చుక్కే. ఈ ఏకపదం కేవలం భాషావిశేషం కాదు. వాకిట్లో ముగ్గు వేసే స్త్రీ బిందువులతో మొదలుపెట్టి నక్షత్రంతో ముగిస్తుంది, రెంటికీ ఒకే పేరు వాడుతుంది.

చుక్కలు పెట్టడంలో రెండు పద్ధతులున్నాయి. ఎదురుచుక్కలో పై వరుస చుక్కకు సూటిగా కింది వరుస చుక్క పడుతుంది. సందుచుక్కలో రెండు చుక్కల నడిమి సందుకు ఎదురుగా పడుతుంది. మొదటిది గళ్లను ఇస్తుంది కనుక నాలుగు, ఎనిమిది మొనల ఆకృతులకు అనువైనది. రెండవది త్రిభుజాలను ఇస్తుంది కనుక ఆరు మొనల చుక్కకు అనువైనది. పైన చెప్పిన ఒహాయో నక్షత్రాన్ని ముగ్గుగా వేయాలంటే వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసల ఎదురుచుక్కలు, నడిమి పక్కగళ్ల కర్ణాలు చాలు. పది నిమిషాల పని. అంటే నక్షత్ర బొంతకు కావలసిన రేఖాగణితం తెలుగు వాకిళ్లలో ప్రతి ఉదయం పేడనీళ్ల తడి మీద కనిపించేదే. బట్ట ఉంది, లెక్క ఉంది, సూది ఉంది. అయినా ఇక్కడి బొంత మీద నక్షత్రం పొడవలేదు. ఎందుకు?

5. కత్తిరింపు లేని దుస్తులు, ముక్కలు లేని ఇళ్లు

చలి తక్కువ కనుక బొంత అవసరం తక్కువన్నది తేలికగా తోచే సమాధానం. అది చాలదు. బొంత ఇక్కడ కప్పుకోవడం కంటె పరచుకోవడానికే ఎక్కువ. నులకమంచం మీదికీ, బాలింత పక్కకూ, పసిబిడ్డ పొత్తిళ్లకూ అది లేనిదే గడవదు.

అసలు కారణం దుస్తులలో ఉంది. నక్షత్ర బొంత కత్తిరింపు ముక్కల మీద బతికే కళ. గౌను, కోటు, చొక్కా కుట్టే ఇంట్లో మెడ దగ్గర, చంక దగ్గర తీసిన ముక్కలు మూటలుగా పోగవుతాయి. చీర, పంచె, ఉత్తరీయం మగ్గం మీద నుంచి దిగినవి దిగినట్లే ఒంటి మీదికి ఎక్కుతాయి. వాటికి కత్తెర తగలదు. పాతబడినప్పుడు కూడా చీర ముక్కగా కాక చీరగానే మిగులుతుంది. అందుచేత తెలుగు ఇల్లాలి చేతికి వచ్చే ముడిసరుకు వజ్రాలూ త్రిభుజాలూ కాదు, గజాల పొడవున్న మెత్తని పొరలు. ఆమె వాటిని పొరమీద పొరగా పరిచి, కాస్త గట్టిగా ఉన్న చీరను పైన వేసి, అంచులు లోపలికి మడిచి, చుట్టూ వెలుపలి నుంచి లోపలికి సాదా కుట్టు వేసుకుంటూ వచ్చింది. చీర అంచే బొంతకు చట్రమయింది. చిరిగిన చోట మాసిక పడింది. అతుకు ఇక్కడ అలంకారంగా మొదలు కాలేదు, మరమ్మతుగా మొదలయింది.

ఈ వాదానికి బలం ఇచ్చేవారు లంబాడీలు. వారి స్త్రీల దుస్తులు కుట్టినవి: ఫేటియా, కాంచళి. కనుక వారి పనిలో రంగురంగుల ముక్కల అతుకులు, అద్దాలు, గవ్వలు, త్రిభుజాల వరుసలు సమృద్ధిగా కనిపిస్తాయి. దూది నింపిన పరుపులు, రజాయిల తయారీ దూదేకులవారి వృత్తి. బొంతకు దానితో పోటీ లేదు. రజాయి డబ్బు పెట్టి చేయించుకునేది, బొంత ఇంట్లో కుట్టుకునేది. ఊరూరా తిరిగి బొంతలు కుట్టిపెట్టే స్త్రీలూ ఉండేవారు. కూలి కొంత ధాన్యమో, డబ్బో. బట్ట మాత్రం ఇంటివారిదే.

జాకెట్టు సర్వసాధారణమై, కుట్టుమిషను దుకాణం పల్లెకు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు బొంత పైపొరలోకి చేరాయి. నలుచదరపు ముక్కల బొంతలు, మూలల్లో త్రిభుజాలున్నవీ అప్పుడు కనబడసాగాయి. ఇవి పాతకాలపు బొంతలని చూసేవారు పొరబడే అవకాశం ఉంది. నిజానికి డెల్టాలో ముక్కల బొంత కంటె పొరల బొంతే పాతది.

6. మిషనరీ స్త్రీలు: ఒకచోట నక్షత్రం, ఒకచోట లేసు

1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ రామచంద్రపురంలోనూ స్థిరపడింది. ఇసాబెల్ హ్యాచ్ అనే మిషనరీ 19వ శతాబ్ది ముగిసే వేళ అక్కడ కుష్ఠురోగులకు ఆశ్రయం నెలకొల్పింది. ఈ మిషన్లకు వెనుక ఉన్నవారిలో అధికులు స్వదేశంలోని చర్చి మహిళా సంఘాల సభ్యులు. ఆ కాలపు ఉత్తర అమెరికాలో ఇటువంటి సంఘాలు నిధుల కోసం చేసిన పనులలో సంతకాల బొంత ఒకటి. కొద్ది సెంట్లు చెల్లించినవారి పేరును బొంత మీద దారంతో కుట్టి, చివరికి బొంతను వేలం వేసేవారు.

అదే శతాబ్ది చివర అమెరికా మైదానాలలోని లకోటా తెగవారికి మిషనరీ స్త్రీలు బొంత కుట్టడం నేర్పారు. వారు పెద్ద ఒంటి నక్షత్రాన్ని వేగుచుక్కగా భావించి తమది చేసుకున్నారు. అడవిదున్న చర్మం కప్పి గౌరవించే చోట నక్షత్ర బొంత కప్పడం ఆచారమైంది. నేర్పినవారి ఉద్దేశాన్ని నేర్చుకున్నవారు దాటిపోయారు.

గోదావరి సీమలో మిషనరీలు నేర్పింది లేసు అల్లిక. 1844లో దుమ్ముగూడెంలో మెక్రే దంపతులు దీనికి నాంది పలికారని చెబుతారు. నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా అది ఎగుమతి పరిశ్రమ అయింది. ఇక్కడే అతుకు మళ్లీ ఎదురవుతుంది. 1982లో వెలువడిన మరియా మీస్ గ్రంథం ఈ పరిశ్రమలోని శ్రమవిభజనను వివరించింది. పువ్వులు అల్లడం చేతిపని, ఆ పువ్వులను కలిపి బల్లగుడ్డగానో పడక దుప్పటిగానో చేయడం అతుకుపని. ఒక ఊళ్లో ఒకరు అల్లిన పువ్వు, మరో ఊళ్లో మరొకరు అల్లిన పువ్వు మూడవ స్త్రీ చేతిలో ఒక దుప్పటి అవుతాయి. ఆ మూడవ స్త్రీ మొదటి ఇద్దరినీ చూసి ఉండదు. రోజంతా వంగి కూర్చుని అల్లితే రూపాయిలోపు కూలి గిట్టుతున్న రోజులవి. పైగా ఆ పని ‘తీరిక వేళ కాలక్షేపం’గా లెక్కకెక్కింది.

లకోటా నక్షత్రానికీ నరసాపురం పువ్వుకూ తేడా ఇక్కడే ఉంది. మొదటిది కుట్టినవారి సమాజంలో కానుకగా తిరిగింది. రెండవది కుట్టినవారి ఇంట్లో ఒక్క రాత్రి కూడా పరచుకోకుండా ఓడ ఎక్కింది. అల్లిన స్త్రీ పడుకున్నది పాత చీరల బొంత మీద. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. పశ్చిమ గోదావరితో పాటు కోనసీమ జిల్లా మండలాలూ దాని పరిధిలోకి వచ్చాయి. గుర్తింపు పొందిన వస్తువు పక్కన గుర్తింపు లేని వస్తువును పెట్టి చూస్తేనే ఈ సీమ స్త్రీల సూదిపని చరిత్ర పూర్తవుతుంది. లేసును మాత్రమే చూసేవారికి ఎగుమతి చరిత్ర దొరుకుతుంది, గృహచరిత్ర దొరకదు.

7. మిగిలిన బొంతలు, వాటిని చదివే తీరు

పాత బొంతలు ఎక్కువగా మిగలవు. డెల్టా తేమకు నూలు త్వరగా పాడవుతుంది. 1986 గోదావరి వరద, 1996 నవంబరు తుపాను వంటివి ఇళ్లను ముంచినప్పుడు మొదట నానేది పక్కబట్టలే. చనిపోయినవారి పక్క ఇంట్లో ఉంచుకోకపోవడం ఆచారం. అన్నిటికీ మించి బొంత అరిగిపోవడానికే పుట్టింది. అరిగిన బొంత మరో బొంతకు లోపలి పొర అవుతుంది. ఇది పరిశోధకుడికి అదృష్టం కూడా. పై పొర చిరిగిన చోట రెండవ పొర, దాని కింద మూడవ పొర కనిపిస్తాయి. ఒక కుటుంబం మూడు తరాల పాటు ఏం కట్టుకున్నదో వరుసగా, తారుమారు కాకుండా అక్కడ ఉంటుంది. పట్టుచీరల పెట్టె పెళ్లిళ్ల చరిత్ర చెబుతుంది, బొంత మామూలు రోజుల చరిత్ర చెబుతుంది.

ఐరోపా ముక్కల బొంతలలో కాగితం అచ్చులను బట్ట లోపలే వదిలేసే అలవాటుండేది. 1718 తేదీ గల ఇంగ్లీషు పట్టుబొంతలో ఆ కాగితాలు నేటికీ ఉన్నాయి. ఉత్తరాలు, లెక్కల పుటలు అలా మిగిలాయి. మన బొంతలో కాగితం ఉండదు, అంచు ఉంటుంది. మగ్గపు అంచు వెడల్పు, పోగుల సంఖ్య, మిల్లుచీర అచ్చు, నైలాను, పాలిస్టరు మొదలైన పొర ఎక్కడ అన్నవే తేదీలు. పాలిస్టరు చేరిన బొంత చెమట పీల్చదు. వాడుక తగ్గడానికి పరుపుల దుకాణంతో పాటు ఇదీ కారణమే.

కళాశాల స్థాయి క్షేత్రపర్యటనలో విద్యార్థులు చేయదగిన పని ఇది. బొంతను విప్పదీయనక్కరలేదు. ముందు వెనుకవైపు తిరగేసి కుట్టు ఎక్కడ మొదలైందో దారపు ముడిని బట్టి గుర్తించాలి. అంగుళానికి ఎన్ని కుట్లో లెక్కించి, మూలలో ఒకసారి, నడుమ ఒకసారి నమోదు చేయాలి. కుట్టు చేయి మారితే ఆ లెక్క మారుతుంది. మాసికలను విడిగా, అలంకారపు ముక్కలను విడిగా రాయాలి. పొరల వరుస పై నుంచి కిందికి రాసి, అతి కొత్త పొరను ఎర్రసిరాతో గుర్తించాలి. నమోదుపత్రంలో ‘కుట్టినవారు’ అన్న గడి ఒక్కటే ఉంటే చాలదు. దాని పక్కనే ‘కట్టినవారు’ అన్న గడి కూడా ఉండాలి. ఒక్కో పొరకు ఎదురుగా ఆ చీర ఎవరిదో ఇంటి పెద్దలను అడిగి, వరుసతో సహా, వారు చెప్పిన మాటల్లోనే రాసుకోవాలి.